పాల ప్యాకెట్‌లో నా ముందు పన్ను

2025 జనవరి 19, ఆదివారం. సంక్రాంతి వెళ్లి నాలుగైదు రోజులే అయింది. పండక్కి ఊళ్లకెళ్లినవాళ్లు తిరిగొచ్చాక మేం అమ్మాయిలమంతా మళ్లీ బాస్కెట్‌బాల్ కోర్టులో కలిసింది ఆరోజే. విశాఖలో తలో ఉద్యోగం చేసుకుంటూ ప్రతి ఆదివారం ఉదయం ఆరున్నరకి బాస్కెట్‌బాల్ ఆడతాం. నాకు 26 ఏళ్లు. ఎనిమిదో తరగతి నుంచి ఆడుతున్నాను. వేళ్లు బెణికాయి, మడమ వాచింది, మోకాళ్లు చెక్కుకుపోయాయి. పళ్ల గురించి మాత్రం ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

ఏడు దాటి పది నిమిషాలైంది. ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) బుట్టలో పడలేదు. రీబౌండ్ కోసం, అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చే బంతి కోసం, నేను లోపలికి దూసుకెళ్లాను. నా ముందున్న అమ్మాయి ఎగిరి బంతి అందుకుంది. దాన్ని గడ్డం కింద గట్టిగా పట్టుకుని, మోచేతులు బయటికి పెట్టి గిర్రున తిరిగింది. బంతి ఎవరూ లాక్కోకుండా అలా తిరగమనే మాకు నేర్పించారు. ఆ మోచెయ్యి నా పై పెదవికి తగిలింది. తన తప్పేమీ లేదు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత నెలరోజులు తను నన్ను చూసినప్పుడల్లా ఏడ్చింది.

నొప్పి వెంటనే తెలియలేదు. నోరంతా వేడిగా, ఉప్పగా నిండిపోయింది. నాలుక తనంతట తానే ముందుకెళ్లి వెతుక్కుంది. కుడివైపు ముందు పన్ను ఉండాల్సిన చోట మెత్తటి గుంట తగిలింది. పక్క పన్ను అంచు బ్లేడులా గరుగ్గా ఉంది. చేతిలోకి ఉమ్మితే రక్తమే తప్ప పన్ను లేదు.

"పన్నేది? ఎవరూ కదలకండి, ముందు పన్ను వెతకండి" అని మా కోచ్ సర్ అరిచారు. అందరూ కింద కూర్చుని వెతికితే ఐదు నిమిషాలకి కోర్టు గీత బయట దుమ్ములో దొరికింది. పూర్తి పన్నుని అలా చూడటం నాకదే మొదటిసారి. బయటికి కనిపించే భాగం కంటే వేరు భాగమే పొడుగ్గా ఉంది. లేత పసుపు రంగు, చివరికొచ్చేసరికి సన్నగా ఉంది. వేరు మీద అక్కడక్కడా ఎర్రటి పలుచని పొర అంటుకుని ఉంది. ఒకమ్మాయి దాన్ని చున్నీతో తుడవబోయింది. ఇంకొకరు కుళాయి దగ్గరికి తీసుకెళ్లి రుద్ది కడుగుదామన్నారు.

అంతలో మా టీమ్‌లో అందరికంటే చిన్నమ్మాయి వాళ్లక్కకి ఫోన్ చేసింది. ఆవిడ బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు) చివరి ఏడాది చదువుతోంది. స్పీకర్‌లో ఆవిడ గొంతు ఇప్పటికీ గుర్తుంది. "సర్, వేరు ముట్టుకోకండి. తెల్లగా ఉన్న వైపే పట్టుకోండి. తుడవద్దు, రుద్దద్దు. వీలైతే ఇప్పుడే ఆ గుంటలో పెట్టేయండి. లేకపోతే పాలల్లో వెయ్యండి."

గుంటలో పెట్టడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు. నాకు అసలే చేతులు వణుకుతున్నాయి. గేటు బయట టీ కొట్టు ఉంది. ఆ కొట్టాయన డబ్బాలోంచి చల్లటి అర లీటరు పాల ప్యాకెట్ తీసి, కత్తెరతో మూల కత్తిరించి ఇచ్చాడు. సర్ పన్నుని అందులో జారవిడిచి, పైన మెలిపెట్టి నా చేతికిచ్చారు. డబ్బులిస్తుంటే టీ కొట్టాయన "ముందు వెళ్లండమ్మా" అన్నాడు. అప్పుడు టైమ్ 7:22.

చిన్నప్పుడు ఊడిన పన్నుని ఇంటి కప్పు మీదకి విసిరేవాళ్లం. ఊడిన పన్నంటే ఇక పారేసేదే అని మనందరి మనసుల్లో ఎక్కడో నాటుకుపోయింది. పాలపళ్ల విషయంలో అది సరే, ఊడిన పాలపన్నుని మళ్లీ పెట్టకూడదని కూడా తర్వాత డాక్టర్ చెప్పారు. కానీ పాలపన్ను ఊడాక వచ్చే పన్ను సంగతి వేరు. ఆ ఫోన్ చెయ్యకపోయుంటే నా పన్నుని కాగితంలో చుట్టి జేబులో వేసుకునేవాళ్లం.

ఆదివారం పొద్దున పళ్ల డాక్టర్ దొరకడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. స్నేహితురాలి స్కూటర్ వెనక కూర్చుని రెండు క్లినిక్కులకి వెళ్లాం. రెండింటికీ షట్టర్లు వేసున్నాయి. బోర్డు మీది నంబర్లకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒక పెద్ద ఆసుపత్రి క్యాజువాల్టీకి వెళ్తే దూది పెట్టి రక్తం ఆపారు, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు, 700 రూపాయలు తీసుకున్నారు. పళ్ల విభాగం రేపు పదింటికి రమ్మన్నారు. నేను పాల ప్యాకెట్ ఎత్తి చూపించాను, నోరు తిరగక మాట్లాడలేకపోయాను. అక్కడెవరికీ అదేమిటో అర్థం కాలేదు. పాతిక నిమిషాలు అక్కడే పోయాయి. పెద్దగా ఏడ్చింది కూడా అక్కడే.

చివరికి ఆ బీడీఎస్ అక్కే తనకి తెలిసిన డాక్టరమ్మతో మాట్లాడింది. ఆవిడ ఇంటి బట్టల్లోనే వచ్చి క్లినిక్ తెరిచారు. 8:40 అయింది. రాగానే రెండే ప్రశ్నలు అడిగారు. "పన్ను ఎంతసేపు పొడిగా ఉంది?" "దేంట్లో పెట్టారు?" పన్నెండు నిమిషాలు, పాలల్లో అని నా స్నేహితురాలు చెప్పింది. డాక్టరమ్మ తలూపి "బాగా చేశారు, ప్రయత్నిద్దాం" అన్నారు. పొద్దుట్నుంచీ నేను విన్న మొదటి మంచి మాట అదే.

పని చేస్తూనే ఆవిడ వివరించారు. వేరు మీద నేను చూసిన ఆ పలుచని పొరలో ప్రాణమున్న కణాలుంటాయి. అవి బతికుంటేనే పన్ను మళ్లీ మామూలుగా నిలబడుతుంది. గాలికి ఎండితే నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది, గంట దాటితే ఆ కణాలు బతికే ఆశ దాదాపు ఉండదు. నీళ్లలో నానబెట్టినా ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి. పాలల్లో కొన్ని గంటలు బతుకుతాయి. అన్నిటికంటే మంచిది మాత్రం మాకు ధైర్యం చాలని పనే. మనిషి స్పృహలో ఉంటే, పన్ను మురికిగా ఉంటే క్షణాల్లో అలా కడిగి, సరైన వైపు తిప్పి గుంటలో పెట్టేసి, రుమాలు కొరికి పట్టుకుని రావాలి. "ఇంకోసారి ఎవరికైనా అయితే పెట్టేయండి, నేను సరిచేసుకుంటాను" అన్నారు.

ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని చూశారు. మత్తు ఇంజెక్షన్లలో అంగిట్లో ఇచ్చినదే భరించలేకపోయాను, కాలివేళ్లు ముడుచుకుపోయాయి. తర్వాత గుంటని సెలైన్‌తో కడిగి, పన్నుని వేళ్లతో మెల్లగా లోపలికి నెట్టారు. నొప్పి లేదు, బరువుగా ఒత్తిడి మాత్రం తెలుస్తోంది. ఒకచోట పన్ను లోపలికి కూర్చున్నట్టు పుర్రెలో వినిపించింది. ఆ చప్పుడు చెప్పలేను గానీ, వినగానే ఇది నా పన్నే, మళ్లీ నాలోకి వచ్చింది అనిపించింది. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి.

గిటారు తీగంత సన్నటి తీగని ముందు పళ్ల మీద పెట్టి, పళ్లరంగు సిమెంటుతో అంటించారు. గట్టి కట్టు ఎందుకు కట్టలేదని అడిగాను. పన్ను కొంచెం కదులుతూ ఉండాలని, అసలు కదలకుండా బిగిస్తే వేరు ఎముకలో కలిసిపోయే ప్రమాదముందని చెప్పారు. పెదవి లోపల మూడు కుట్లు పడ్డాయి. యాంటీబయాటిక్ మాత్రలు, నోరు పుక్కిలించే మందు రాసిచ్చారు. రెండు వారాలు మెత్తటి తిండే తినాలన్నారు. ఆరోజు ఎక్స్‌రేకి 300, పన్ను పెట్టి తీగ వేసినందుకు 6,500, కుట్లకి 1,200, మందులకి 640 అయ్యాయి.

ఇంటికెళ్లేసరికి నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. అమ్మ నా మొహం చూసి మాట్లాడలేదు. రాత్రి మాత్రం "ఇంకా ఆ ఆటకి వెళ్తావా?" అని ఒక్కటే అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

ఇంట్లో డబ్బాల నిండా జంతికలు, అరిసెలు ఉన్నాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చేది. అమ్మ జంతికల డబ్బా అటకెక్కించింది. అరిసెలు మాత్రం వేడి పాలల్లో నానబెట్టి, చెంచాతో మెదిపి ఇచ్చేది. మిగతా పూటలు రాగి జావ, మెత్తటి చారన్నం, పెరుగన్నం. చెంచా ముందు పళ్లకి తగలకుండా పక్కనుంచి పెట్టుకోవడం అలవాటు కావడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రెండు రాత్రులు నిద్రపోలేదు. నిద్రలో పన్ను ఊడి గొంతులోకి పోతుందేమోనని భయం. నాలుకతో తడుముతూనే తెల్లారింది. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ వాడమన్నారు. ఆ పుక్కిలించే మందుతో వారానికే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడ్డాయి, తిండికి రుచి పోయింది. పన్ను చచ్చిపోయి రంగు మారిందనుకుని ఫోన్ చేశాను. అది మందు మరకేనని, తర్వాత క్లీనింగ్‌తో పోతుందని చెప్పారు. నిజంగానే పోయింది.

ఆఫీసుకి మూడు రోజులు సెలవు పెట్టి, తర్వాత మాస్కుతో వెళ్లాను. ఇన్సూరెన్సు వాళ్లు అడ్మిట్ కాలేదు కాబట్టి డబ్బు రాదన్నారు. పాలసీలో పళ్ల గురించి ఏం రాశారో నేను అప్పటిదాకా చదవలేదు.

జనవరి 28న, అంటే తొమ్మిదో రోజున, రూట్ కెనాల్ మొదలుపెట్టారు. పన్ను నిలబడింది కదా, మళ్లీ ఇదెందుకని బాధేసింది. ఊడినప్పుడే లోపలి నరం, రక్తనాళం తెగిపోయాయని, నా వయసులో అవి మళ్లీ అతుక్కోవని, లోపల కుళ్లితే వేరునే తినేస్తుందని చెప్పారు. అందుకే రెండు వారాల లోపే మొదలుపెడతారట. నొప్పేమీ లేదు. మందు పెట్టి మూసేశారు. ఫిబ్రవరి 3న తీగ తీసేశారు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన పూట అదే. తీగ తీయగానే నాలుకతో తాకితే పన్ను కొంచెం ఊగింది. గుండె జారిపోయింది. "కొంచెం కదలడం మామూలే" అని అద్దంలో చూపించారు. పదిహేను రోజుల్లో గట్టిపడింది. ఫిబ్రవరి 20న రూట్ కెనాల్ పూర్తి చేశారు, 4,500. అంచు విరిగిన పక్క పన్నుని సరిచేసినందుకు 1,800.

ఆరోజే అడిగాను, మళ్లీ ఆడొచ్చా అని. "ఆడండి. కానీ పళ్లకి వేసుకునే తొడుగు, మౌత్ గార్డ్, లేకుండా కోర్టులో అడుగు పెట్టొద్దు" అన్నారు. ఇంటికొచ్చి అదే మాట చెబితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న కాసేపాగి "స్కూటర్‌కి హెల్మెట్ ఉన్నట్టే ఇదీనూ" అన్నారు. అంతకుమించి ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మౌత్ గార్డ్ అంటే బాక్సింగ్ వాళ్లదే అనుకునేదాన్ని. బాస్కెట్‌బాల్‌లో అమెరికా ఆటగాడు స్టీఫెన్ కర్రీ నోట్లోంచి వేలాడేది చూశాను గానీ, అదేదో ఆయన అలవాటు అనుకున్నాను. కర్రీ ఆట నాకు ప్రాణం. అయినా మా జూనియర్లకి ఒక మాట చెబుతుంటాను. నమలడానికి బయటికి తీసిన గార్డు ఆ క్షణానికి పన్నుని కాపాడదు, దెబ్బ చెప్పి రాదు.

మార్చి 1న స్పోర్ట్స్ షాపులో 450 పెట్టి, వేడినీళ్లలో ముంచి కొరికే రకం కొన్నాను. కవరు మీద రాసినట్టే వేడినీళ్లలో ఉంచి, తీసి, నోట్లో పెట్టుకుని కొరికాను. ముందు పన్ను మీద భయంతో వంకరగా కొరికానేమో, ముందు భాగం పలచబడిపోయింది. అసలు మందంగా ఉండాల్సింది అక్కడే. నోరు తెరిస్తే కింద పడిపోయేది. అది పడకుండా పళ్లు బిగబట్టుకుంటే పరిగెత్తేటప్పుడు ఊపిరాడేది కాదు. డాక్టరమ్మకి చూపిస్తే, ఏమీ లేకపోవడం కంటే ఇది నయమే గానీ మీ పన్నుకి ఇది చాలదు అన్నారు.

మార్చి 5న కొలత ఇచ్చాను. ట్రేలో గులాబీ రంగు ముద్ద పెట్టి పై పళ్లకి నొక్కి పట్టుకుంటారు. రెండు మూడు నిమిషాలే గానీ వాంతి వచ్చేలా ఉంటుంది. ముక్కుతో గాలి పీలుస్తూ, తల ముందుకి వంచి కూర్చోమన్నారు, అది బాగా పనిచేసింది. ట్రే తీసేటప్పుడు పన్ను కూడా దాంతో వచ్చేస్తుందేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. అలా జరగకుండా పన్ను చుట్టూ ముందే మైనం పెట్టారట. ఆ కొలతతో నా పళ్ల అచ్చు పోసి, దాని మీద 4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటుని వేడిచేసి అతికించి గార్డు చేస్తారు. మార్చి 11న ఇచ్చారు, 3,500. పెట్టుకోగానే తేడా తెలిసింది. నోరు పూర్తిగా తెరిచినా అది పైనే అంటుకుని ఉంది, పళ్లు బిగించాల్సిన పనే లేదు. రంగు లేనిదే తీసుకోమని సర్ చెప్పారు, మ్యాచ్‌ల్లో రిఫరీలతో పేచీ ఉండదని.

మొదటి వారం లాలాజలం ఊరిపోయేది. "స" పలకదు. కోర్టులో "స్విచ్", "స్క్రీన్" లాంటి ఆట పిలుపులు అరిస్తే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇంట్లో గిన్నెలు తోముతూ, టీవీ చూస్తూ పెట్టుకుని ఉండేదాన్ని. అలా పెట్టుకునే పిన్నితో ఫోన్లో మాట్లాడటం మొదలుపెట్టాక నాలుగు రోజుల్లో నాలుక దారికొచ్చింది. మార్చి 16న మళ్లీ కోర్టులో దిగాను. మొదటి రీబౌండ్‌కి ఎగరలేదు. రెండోదానికీ ఎగరలేదు. ఆరోజు ఎవరి మోచెయ్యి నాకు తగిలిందో ఆ అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడి "ఇద్దరం కలిసి ఎగురుదాం" అంది. అప్పుడు ఎగిరాను.

ఏప్రిల్‌లో ఒక పొరపాటు జరిగింది. గార్డుని డబ్బాతో సహా స్కూటర్ డిక్కీలో వదిలేసి ఆఫీసులోకి వెళ్లాను. విశాఖ ఎండలో ఐదు గంటలు. సాయంత్రానికి ఒక వైపు వంగిపోయింది, మళ్లీ పళ్లకి ఎక్కలేదు. అదృష్టం కొద్దీ నా పళ్ల అచ్చుని క్లినిక్‌లో దాచి ఉంచారు. మళ్లీ కొలత ఇవ్వకుండానే 2,200కి కొత్తది చేసిచ్చారు. మీరూ చేయించుకుంటే అచ్చు పారేయొద్దని ముందే అడగండి. గార్డుని వేడినీళ్లతో కడగకూడదు, చన్నీళ్లు, బ్రష్ చాలు. గాలాడే చిల్లుల డబ్బాలో పెట్టాలి. నాది ఒకసారి తడిగానే మూతపెట్టేస్తే రెండో రోజుకే వాసన వచ్చింది.

జూలై 6న మ్యాచ్‌లో దగ్గర్నుంచి వేసిన చెస్ట్ పాస్ (ఛాతీ ముందునుంచి రెండు చేతులతో విసిరే బంతి) నేరుగా నోటికి తగిలింది. పెదవి వాచింది. కోర్టంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది, అందరికీ జనవరి గుర్తొచ్చింది. నేను గార్డు తీయకుండానే నాలుకతో పై నుంచి నొక్కి చూసుకున్నాను. పన్ను కదల్లేదు. గార్డు తీసి చూస్తే కింది పళ్ల గాట్లు దాని మీద లోతుగా పడి ఉన్నాయి. నీళ్లు తాగి మళ్లీ ఆడాను.

లెక్క వేసుకుంటే ఇప్పటిదాకా వైద్యానికి, తర్వాత తీసిన నాలుగు ఎక్స్‌రేలతో కలిపి, 16,840 అయింది. మొదట చేయించిన గార్డుకి 3,500. ఆ డబ్బు ముందే పెట్టుంటే అని ఎన్ని రాత్రులు అనుకున్నానో. మాలో పద్నాలుగు మందికి ఇప్పుడు పదకొండు మంది దగ్గర గార్డులున్నాయి. కొందరివి నీళ్లలో ముంచే రకమే. వాటిని నేను వద్దనను, ఓపిగ్గా సరిగ్గా అచ్చు పడేలా కొరకమని చెబుతాను. పళ్లు వరుసకి రావడానికి తీగలు వేసుకున్న చిన్నమ్మాయికి మాత్రం షాపులో కొననివ్వలేదు, పళ్లు జరిగే చోటు వదిలి డాక్టరే వేరుగా చేశారు. ఎదిగే వయసు పిల్లలకి దవడ పెరిగేకొద్దీ గార్డు మార్చాలి, అది తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. సర్ కిట్‌లో ఇప్పుడు సెలైన్ సీసా, కట్టు కట్టే పలుచని గుడ్డ, మూతున్న చిన్న డబ్బా ఉంటాయి. ఆదివారం ఫోన్ ఎత్తే ఇద్దరు పళ్ల డాక్టర్ల నంబర్లు దాని మూత మీద రాసి అంటించాం.

2026 జనవరి 20న ఏడాది పరీక్షకి వెళ్లాను. డాక్టరమ్మ అద్దం పిడితో ముందు పక్క పన్నుని, తర్వాత నా పన్నుని తట్టారు. ఎముకలో కలిసిపోయిన పన్ను లోహంలా మోగుతుందట. రెండూ ఒకేలా మోగాయి. ఎక్స్‌రేలో వేరు పక్కన చిన్న సొట్ట ఉంది. జూలైలో కనిపించిందే, పెరగలేదు. ఎన్నేళ్లు ఉంటుందో ఆవిడ మాటివ్వలేదు, కనీసం ఐదేళ్లు ఏటా చూపించుకోమన్నారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ప్లేటులో పండగ జంతికలు పెట్టింది. అన్నీ చిన్న చిన్న ముక్కలుగా విరిచి ఉన్నాయి. "పక్క పళ్లతో నమలమ్మా" అంది.